బీడులో హాజరు

మా ఊరి బీడుని ఎడారి అని మొట్టమొదట అన్నదాన్ని నేనే. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి. అదే మాట మళ్ళీ పోయిన ఏడాది, మిరపకాయ కోతలు సగంలో ఉండగా, మా ఇంట్లోనే వినపడింది. మా అమ్మాయి విజయ పంచాయతీ ఆఫీసు గోడకి అంటించిన కాయితాన్ని ఫోనులో ఫోటో తీసుకొచ్చింది. మధ్యాహ్నం అన్నం తింటూ, ఎడమచేత్తో ఫోను పట్టుకుని చదివింది. ఊరికి పడమట ఉన్న బీడుని చదును చేసి, మిరపకాయలు ఎండబోసుకోవడానికి సిమెంటు కల్లం వేస్తారట. కింద ఆ నేల గురించి ఒక వరస రాశారు. నిరుపయోగమైన బీడు, ముళ్ళకంప మినహా వృక్షజాలం లేదు అని.

"అంటే ఏందే?" అన్నాను.

"ఏముంది మా, పనికిరాని నేల, చెట్టూ చేమా లేదని. ఎడారనుకో."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "ఎవరు చూశారంట?"

"చూసేదేముంది? రోడ్డు మీద నించి కనపడతానే ఉందిగా."

"రోడ్డు మీద నించి చూస్తే ఈ ఇంట్లో నువ్వూ నేనూ కూడా లేం."

విజయ బాధ నాకు తెలియక కాదు. మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తుంది. అంతకు ముందటేడు కాయ కోసి మట్టినేల మీద ఎండబోసి ఉండగా అకాల వర్షం పడింది. పట్టాలు కప్పేలోపల గాలికి లేచిపోయాయి. రక్తంలా ఉన్న కాయ నాలుగు రోజుల్లో తెల్లబారి, ధర పలకని తాలు అయిపోయింది. అది కల్లం కావాలంటే కాదనే నోరు నాకు లేదు. పైగా కల్లం అడిగిన ఆడవాళ్ళలో మొదటి సంతకం దానిదే.

"పది రోజుల్లో ఇంజనీరు మేడమ్ వచ్చి కొలతలేసి సున్నం గీతలు గీస్తది. నువ్వు అడ్డం పడబాక మా," అంది.

"అడ్డం పడను. ఆ మేడమ్ ఎదురుగా ఒకసారి హాజరు పిలుస్తా. అంతే."

"హాజరా? బీడులో ఎవరున్నారని?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే మా నాయనమ్మ సువార్తమ్మ గురించి చెప్పాలి. నాయనమ్మ మిరపకాయ కోతల ముఠాకి మేస్త్రి. పొట్టి మనిషి, చెవిలో చుట్ట, నడుముకి బిగించిన కొంగు. అక్షరమ్ముక్క రాదు. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు ఆమె చేతి కింద పని చేసేవాళ్ళు. కోతల కాలం అంతా తెల్లారీ తెల్లారకముందే చర్చి అరుగు ముందు నిలబడి, కాయితం లేకుండా, ఒక్క పేరు అటూ ఇటూ కాకుండా హాజరు పిలిచేది. పిలిచిన వరసే చేలో సాళ్ళ వరస. "మార్తమ్మా!" అంటే "ఉన్నా!" అని వినపడాలి. పక్కనోళ్ళు పలకకూడదు. ఒకసారి కోతల మధ్యలో సంతోషమ్మ అనే ఆవిడ జ్వరంతో చచ్చిపోయింది. అయినా మర్నాటి నుంచి నాయనమ్మ ఆమె పేరు ఆమె వరసలోనే పిలిచి, ఒక్క ఊపిరి తీసేంత సేపు ఆగి, తర్వాతి పేరుకి పోయేది. లేని మనిషిని ఎందుకు పిలుస్తావని ఎవరో అడిగితే, "కోతలు అయ్యేదాకా ఆ సాలు ఆమెది," అంది. ఆ కాసేపు ఆగడంలో అందరి తలలూ కిందికి వాలేవి. నాకు అది ప్రార్థన కంటే గట్టిగా తగిలేది.

ఆ రోజుల్లో మా ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. గడప దాటితే మిరపఘాటు, చుట్ట పొగ, పొయ్యి మీద జొన్న సంకటి, మూలన దండెం మీద ఆరేసిన పని చీరల చెమట. ఎవరు వచ్చినా ముందు తుమ్మి తర్వాత పలకరించేవాళ్ళు. కోతల నుంచి వచ్చిన ఆడవాళ్ళ చేతులు మంటలు. మజ్జిగ నీళ్ళలో ఎంతసేపు ముంచినా ఆ మంట పోయేది కాదు. అందుకే ఆ మూడు నెలలూ మా అమ్మలు మమ్మల్ని మోచేతులతో దగ్గరికి లాక్కునేవాళ్ళు. అరచేయి తగలనిచ్చేవాళ్ళు కాదు. పెద్దయ్యాక నేనూ నా బిడ్డని అట్లాగే ఎత్తుకున్నాను. మోచేతుల ముద్దు అంటే ఏమిటో మిరప ఊళ్ళల్లో పెరిగిన వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆదివారం బడిలో మాకు ఒక రంగు బొమ్మ చూపించారు. అంతా ఇసుక, ఒక ఒంటె, దూరంగా ఒక చెట్టు. దీన్ని ఎడారి అంటారు, ఇక్కడ ఏమీ మొలవదు అని చెప్పారు. నేను ఇంటికొచ్చి నాయనమ్మ పక్కన కూర్చుని గొప్పగా, "నాయనమ్మా, మన బీడు ఎడారి తెలుసా? అందులో ఏమీ ఉండదు," అన్నాను. నాయనమ్మ చుట్ట తీసి, ఉమ్మి, నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమీ లేని చోటికి మీ నాయన పొద్దున్నే గేదెను ఎందుకు తోలకపోతన్నాడే? గాలి మేసి పాలిస్తందా?"

నేను దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాను. "పడుకో. కోతలు అయిపోనీ, నీ సంగతి చెప్తా," అంది.

కోతలు అయిపోయిన మర్నాడే నన్ను లేపి బీడుకి తీసుకుపోయింది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నేల నెర్రెలిచ్చి ఉంది. గులకరాళ్ళు, ఎండిపోయిన గడ్డి దుబ్బులు, బూడిద రంగు పొదలు. నా కళ్ళకి బొమ్మలో ఎడారే. నాయనమ్మ బీడు మొదట్లో, సరిగ్గా చర్చి అరుగు ముందు నిలబడినట్టే నిలబడి, గొంతెత్తి, "ఆదొండా!" అని పిలిచింది. నేను చుట్టూ చూశాను. ఆ పేరు గలవాళ్ళు మా ముఠాలో లేరు.

"పలకవేం?" అంది నాతో.

"నేను ఆదొండనా?"

"దానికి నోరు లేదు. నీకుంది గదా, ఊళ్ళో అందరికీ సరిపోయేంత. అది యాడుందో చూడు, దగ్గరికి పో, చేత్తో ముట్టుకో. అప్పుడు దాని బదులు నువ్వు పలుకు. ముట్టుకోకుండా పలికావంటే మూతి పగులుద్ది."

అట్లా మొదలైంది. ఆదొండ అంటే పొదల మీద ఎగబాకే కొక్కి ముళ్ళ తీగ అని, ఊరంతా ఎండిపోయిన రోజుల్లో అది తెల్లగా పూసి, సాయంత్రానికి ఆ పువ్వు గులాబీ రంగుకి తిరుగుతుందని ఆ పొద్దున తెలిసింది. ముట్టుకుని, వేలికి ముల్లు గుచ్చుకుని, "ఉన్నా!" అని అరిచాను. ఆ తర్వాత నల్లేరు. కణుపులు కణుపులుగా, నాలుగు పలకలుగా, ఆకు లేకుండా ఆ ఎండలో పచ్చగా పాకుతోంది. దాన్ని విరిస్తే నీరు కారింది. చుక్క వాన లేని నేలలో ఈ నీళ్ళు ఎక్కడివి నాయనమ్మా అంటే, "వానలో తాగింది దాచుకుంది. నీలాగా ఇవాళ్టి బెల్లం ఇవాళే తినేసే రకం కాదు," అంది. జెముడులోనే నాకు రెండు రకాలు చూపించింది. రెక్కలు విచ్చినట్టు ముళ్ళతో నిలబడే బొంతజెముడు ఒకటి, పెన్సిళ్ళు కట్టగట్టినట్టుండే కాడజెముడు ఒకటి. రెండిటి పాలూ కంట పడితే గుడ్డితనమే అని నా రెండు చేతులూ వెనక్కి కట్టించి మరీ చూపించింది. పరికి, బలుసు, తంగేడు, వెంపలి, కొండపిండి, ఉత్తరేణి, వాకుడు, నేల మీద పచ్చటి బంతుల్లా పడి ఉన్న చేదుపుచ్చ. దూసరి తీగ ఆకు నాలుగు గుప్పిళ్ళు కోయించి, ఇంటికొచ్చాక చెంబు నీళ్ళలో పిసికించింది. నేను ఆ చెంబు పక్కన పెట్టి మర్చిపోయి, కాసేపాగి చూసేసరికి నీళ్ళు పచ్చటి గడ్డపెరుగులా పేరుకుపోయి ఉన్నాయి. బెల్లం వేసి తినిపించింది. బీడు మీద నాకున్న చులకన అంతా ఆ చెంబులోనే గడ్డకట్టింది.

ఇక కుందేటి కొమ్ములు. ముళ్ళపొద మొదట్లో, నీడలో దాక్కుని, వేలెడు లావు కూడా లేని బూడిద పచ్చ కాడలు నిటారుగా నిలబడి ఉంటాయి. ఆకు ఉండదు. ఎండ ముదిరితే ముడుచుకుని మట్టి రంగులోకి పోతాయి. "కుందేలుకి కొమ్ములుంటాయా?" అన్నాను. "ఉండవు. అందుకే తొందరగా కనపడవు," అంది నాయనమ్మ. కాడ విరిచి నా నోట్లో పెట్టింది. పుల్లగా, కొంచెం చేదుగా, కొంచెం ఉప్పగా. కోతలకి పోయే ఆడవాళ్ళు దాన్ని కొంగున కట్టుకుని పోయి, మధ్యాహ్నం దాహానికీ ఆకలికీ నమిలేవాళ్ళు.

అన్నిటికంటే నాకు వింతగా తోచింది ఇంకొకటి. ఒక వట్టి జాగా దగ్గర ఆగి, "చెంచలీ!" అని పిలిచింది. అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు. వంగి గుప్పెడు మట్టి తీసి నా చేతిలో పోసింది. "ఇందులో పడుకుని ఉంది. గలిజేరు, పావిలి కూడా. నిద్రలో ఉన్నోళ్ళకి వేరే జవాబు. 'పడుకుని ఉన్నా' అనాలి." నేను నమ్మలేదు. నమ్మలేదని ముఖం చూసే పట్టేసి, రోజూ అంట్లు కడిగిన నీళ్ళు ఒక ముంతలో నాకిచ్చి ఆ చోటే పోసి రమ్మంది. అయిదో రోజుకి మూరెడు జాగాలో పచ్చటి చుక్కలు లేచాయి. లెక్క పెడితే ఆరు రకాలు. నాయనమ్మ హాజరులో మొత్తం నలభై ఏడు పేర్లు. ప్రతి ఎండాకాలం ఒకసారి వరస తప్పకుండా పిలిచేది. వానాకాలంలో ఎందుకు పిలవవు అంటే, "పచ్చగా ఉన్నప్పుడు ఎవరైనా గుర్తుపడతారు. ఎండలో పేరు పెట్టి పిలవాలి," అనేది.

ఆ పేర్లన్నీ మా వంటింట్లోకి వచ్చేవి. నల్లేరు లేత కణుపులు కోసేటప్పుడు చేతికి నూనె రాసుకునేది, లేకపోతే దురద. చింతపండు, ఎండుమిరపకాయలు వేసి వేయించి రోట్లో నూరితే ఆ పచ్చడి వాసనకి పక్కింటివాళ్ళు గిన్నెతో వచ్చేవాళ్ళు. ఆదొండ కాయలు చక్రాలుగా కోసి ఉప్పు మజ్జిగలో ఊరబెట్టి చాట మీద ఎండబెట్టేది. బలుసాకు పప్పు, తొలకరికి చెంచలాకు పులుసు. ఏ మొక్క దగ్గరైనా గుప్పెడు నిండగానే లేవాలి, రెండో గుప్పెడికి ఇంకో మొక్క దగ్గరికి పోవాలి. అది ఆమె కట్టడి. పచ్చడి బండ దగ్గర కూర్చుని ఆమె పేర్లు చెప్తుంటే నేను నూరుడు తాళంలో వాటిని కంఠతా పట్టాను. మూడో తరగతితో నా చదువు ఆగింది గానీ ఈ చదువు ఆగలేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక కరువేడు. కాయ సరిగా రాక కోతలు తొందరగా ముగిసిపోయాయి. నాయనమ్మకి కాలు బెణికింది. హాజరుకి బీడు లోపలికి నన్ను ఒక్కదాన్నే పంపింది. తను గట్టు మీద కూర్చుని పేర్లు పిలుస్తానంది. నేను పొదల్లోకి పోయి, ముట్టుకుని, పలకాలి. సగం దాకా బాగానే చేశాను. ఎండ నెత్తి మీదికొచ్చింది. కాళ్ళు కాలుతున్నాయి. "కుందేటి కొమ్ములూ!" అని పిలిచింది. అవి ఉండే పొద ఇంకా చాలా దూరం. పోయిన ఏడు ఉన్నవి ఈ ఏడు ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. ఉన్నచోటే నిలబడి, "ఉన్నా!" అన్నాను.

వారం తిరక్కుండా మార్తమ్మ పిన్ని మా ఇంటికి వచ్చింది. అప్పుడు ఆమెకి మూడో నెల. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. గోడకి ఆనుకుని, "అత్తా, కుందేటి కొమ్ములు నాలుగు కాడలు దొరికితే ప్రాణం లేచొస్తది," అంది. నాయనమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఉన్నాయి. మా కరుణ ముట్టుకుని చూసింది. పద, తాజాగా విరుచుకుందువు గానీ." అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. కుంటుకుంటూ నాయనమ్మ, కడుపు పట్టుకుని మార్తమ్మ పిన్ని, వెనకాల నేను. ఆ పొద దగ్గరికి పోయేసరికి పొదే లేదు. ఎవరో పొయ్యిలోకి మొదలంటా నరుక్కుపోయారు. నీడ పోయిన నేలలో ఎండి నల్లబడ్డ నాలుగు పీచులు. మార్తమ్మ పిన్ని వాటిని చూసింది, నవ్వబోయింది, కళ్ళు తిరిగి అక్కడే పడిపోయింది.

ఆమెకీ బిడ్డకీ ఏమీ కాలేదు. నీళ్ళు చల్లి, మోసుకొచ్చి పడుకోబెట్టారు. నాయనమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. దాంతో నాకు మరీ భయమేసింది. అప్పట్లో కోతలు లేకపోయినా పొగాకుని వేడికి ఆరబెట్టే బేరన్ కొట్టం దగ్గర పని ఉండేది. పెద్దవాళ్ళతో పాటు నా పేరూ ముఠా చివర్న పిలిచేది, ఆకు అందించడానికి. మర్నాడు తెల్లవారుజామున అరుగు ముందు అందరినీ పిలిచింది. నా పేరు దగ్గరికి వచ్చింది. పిలవలేదు. కనీసం ఆగను కూడా ఆగలేదు. చచ్చిపోయిన సంతోషమ్మకి ఇచ్చిన ఊపిరంత సేపు కూడా నాకు ఇవ్వలేదు. కొంగు బిగించి ముందుకి నడిచింది. ముఠా అంతా ఆమె వెనక పోయింది. నేను అరుగు ముందు ఒక్కదాన్నే.

ఏడ్చి ఊరుకోలేదు నేను. ఆ రోజూ, తర్వాత రెండు రోజులూ బీడంతా చేతులతో వెతికాను. పొద పొదకీ మొదట్లో పడుకుని చూశాను. మోకాళ్ళు చీరుకుపోయాయి. మూడో రోజు ఉత్తరాన రాళ్ళ మిట్ట దగ్గర, ఒక పరికి పొద కింద, నాలుగే నాలుగు కాడలు. బూడిద రంగులో ముడుచుకుని ఉన్నాయి. విరవలేదు. ముట్టుకుని, ఇంటికి పరిగెత్తి, "నాయనమ్మా, కుందేటి కొమ్ములు ఉన్నాయి. రాళ్ళ మిట్ట మీద. ముందు చెప్పింది అబద్ధం," అన్నాను. ఆమె లేచింది. కుంటుకుంటూ అంత దూరమూ వచ్చింది. వంగి తన చేత్తో ముట్టుకుంది. ఒక్క కాడ విరిచి మార్తమ్మ పిన్నికి పంపింది. మర్నాడు అరుగు ముందు చివరి పేరుగా "కరుణా!" అని వినపడింది. "ఉన్నా" అన్నాను.

"లేనోళ్ళని ఉన్నారంటే, ఉన్నోళ్ళ మాట ఎవరు నమ్ముతారే?" అంది దారిలో. అంతే. మళ్ళీ ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు.

అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా అంటే, అప్పుడు ఆ నలభై ఏడింటిలో సగం పొలం గట్ల మీద కూడా ఉండేవి. ఇప్పుడు గట్ల మీద గడ్డిమందు కొడతారు. గట్టు నున్నగా గుండు కొట్టించుకున్నట్టు ఉంటుంది. ముఠా ఆటోలో పోతుంది. మేస్త్రి ఫోనులో మెసేజీ పెడితే బొటనవేలి బొమ్మలతో హాజరు పలుకుతారు. మంచిదే, కాళ్ళ నొప్పులు తగ్గాయి. నల్లేరు పచ్చడి కావాలంటే గుంటూరులో సీసాలో అమ్ముతున్నారని విజయ చెప్పింది. నేను గట్ల మీద పోగొట్టుకున్నదంతా ఆ ఒక్క బీడులోనే మిగిలింది. అందుకే పట్టుపట్టాను.

మేడమ్ రావడానికి పది రోజులుంది. మొదటి రోజే బిందె ఎత్తుకున్నాను. బీడు నడుమ ఒక మూరెడు జాగాకి రాళ్ళు పేర్చి, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. దారిలో సలోమి ఎదురైంది. ఆ రోజు మార్తమ్మ పిన్ని కడుపులో ఉన్న బిడ్డే సలోమి. ఇప్పుడు విజయ ముఠాలో అందరికంటే పెద్దది.

"ఏందక్కా, రాళ్ళకి నీళ్ళు పోస్తన్నావు? పెరుగుతయ్యా?" అంది.

"నీ నోరు పెరిగినంత పెరగవులే. బిందె పట్టు."

పట్టింది. మూడో రోజుకి ఇంకో నలుగురు పట్టారు, నవ్వుకోవడానికే అయినా. విజయ మాత్రం రాలేదు. ఏడో రోజు సాయంత్రం నేను మోకాళ్ళ నొప్పితో మంచం మీద ఉంటే, బిందె ఖాళీగా ఉందని తనే తీసుకుని వెళ్ళింది. చీకటి పడే ముందు తిరిగొచ్చింది. బిందె దించి నా పక్కన కూర్చుంది. "అమా, ఆ జాగాలో తొమ్మిది రకాలు లేచినయ్. నేను లెక్కపెట్టా," అంది. తర్వాత, "నువ్వు చెప్పే ఆ హాజరు మొదటి నించి చెప్పు," అంది. నేను చెప్పాను. కల్లం వద్దనే మాట నేను అనలేదు, అదీ అనలేదు.

ఇంజనీరు మేడమ్ చిన్నపిల్ల. నెత్తికి చున్నీ చుట్టుకుని, చేతిలో టేపుతో వచ్చింది. ఆమెతో పాటు పంచాయతీ వాళ్ళు, ఊళ్ళో పదిమంది. నేను ముందుకి పోయి, "అమ్మా, గీతలు గీసే ముందు నాకు ఒక్క గంట ఇవ్వు. మీ కాయితంలో ఇక్కడ ఏమీ లేదని రాశారు. మేం హాజరు పిలుస్తాం. నువ్వు రాసుకో," అన్నాను. ఆమె టైము చూసుకుంది. "సరే పెద్దమ్మా, త్వరగా," అంది. ముఖంలో నవ్వు దాచుకుంటోంది.

నాయనమ్మ నిలబడ్డ చోటే నిలబడ్డాను. ముఠా ఆడవాళ్ళు బీడంతా చెదిరారు. "ఆదొండా!" అన్నాను. దూరంగా పొద దగ్గర నుంచి సలోమి, "ఉన్నా!" అంది. "నల్లేరూ!" "ఉన్నా!" "బొంతజెముడూ!" "ఉన్నా!" పదో పేరుకి మేడమ్ పుస్తకం తీసింది. ఇరవయ్యో పేరుకి నా పక్క వదిలేసి, పలికిన ప్రతి మనిషి దగ్గరికీ తనే నడిచి పోయి చూడటం మొదలుపెట్టింది. దూసరి తీగ దగ్గర విజయ ముందే ఆకు పిసికి ఉంచిన గ్లాసు చూపించి, వేలితో గడ్డ కదిపింది. మేడమ్ "అరే!" అనేసింది. చెంచలి దగ్గర "పడుకుని ఉన్నా" అని నలుగురూ ఒక్కసారి అంటే, ఆమె ఆ తడి జాగా ముందు గొంతుకూర్చుంది.

"కుందేటి కొమ్ములూ!"

ఎవరూ పలకలేదు. రాళ్ళ మిట్ట దగ్గరున్న ఆడవాళ్ళు వంగి వెతుకుతున్నారు. నేను ఆగాను. మళ్ళీ పిలిచాను. సలోమి నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి, "ఉందని చెప్పు అక్కా. ఆమెకేం తెలుసు? ఏదో ఒక ఎండుపుల్ల చూపిద్దాం," అంది. పాపం, దానికి తన అమ్మ కథ తెలియదు. ఆ రోజు బీడులో పడిపోయిన మార్తమ్మ పిన్ని నా కళ్ళ ముందుకొచ్చింది. ఒక్క పేరు అబద్ధమైతే పొద్దుటి నుంచి పలికినవన్నీ అబద్ధమవుతాయి. ఒక్క పేరు లేదంటే, ఇక్కడ ఏమీ లేదన్న వాళ్ళ మాటకి నేనే బలం ఇచ్చినట్టూ అవుతుంది.

"లేదమ్మా," అన్నాను మేడమ్‌తో. "ఇది ఉండేది. మూడేళ్ళ కిందట కూడా చూశాను. ఇవాళ లేదు. లేదనే రాసుకో."

ఆమె కలం ఆపి నా వైపు చూసింది. "పెద్దమ్మా, నిజం చెప్పాలంటే ఇందాకటి దాకా మీరు లెక్క పెంచుతున్నారనే అనుకున్నాను," అంది. పుస్తకంలో మొదటి పేజీకి తిరిగి, అన్ని పేర్లూ నాతో మళ్ళీ చెప్పించుకుని, స్పెల్లింగు అడిగి మరీ రాసింది. హాజరు ముగిసేసరికి నలభై రెండు ఉన్నాయి, అయిదు లేవు. అయిదింటికీ లేదనే రాయించాను.

అప్పుడు విజయ ముందుకొచ్చింది. "మేడమ్, మాకు కల్లం కావాలి. ఇది మాకు ప్రాణం. కానీ ఈడ వద్దు. రోడ్డు పక్కన సర్కారు తుమ్మ పెరిగిన ముక్క ఉంది, దాని కింద ఇంకేం బతకదు, మా అమ్మ హాజరులో దాని పేరే లేదు. ఆడ వేయండి." ఆ కంప తవ్వి మొదళ్ళు తీయించాలంటే పని పెరుగుతుంది, తిరిగి రాయాలి అన్నారు పంచాయతీ వాళ్ళు. "కంప మేం కొడతాం," అంది విజయ. వెనక నుంచి సలోమి, "మాకు మిరపఘాటే లెక్క లేదు, తుమ్మముల్లు ఒక లెక్కా!" అంది. నవ్వుల మధ్య ఆ సంగతి తేలిపోయింది. తేలడానికి గ్రామసభలో ఇంకో రెండుసార్లు అరుచుకోవాల్సి వచ్చింది గానీ, చివరికి సున్నం గీతలు రోడ్డు పక్కనే పడ్డాయి. పదకొండు రోజులు మా ఆడవాళ్ళు గొడ్డళ్ళతో ఆ కంప కొట్టారు. నేను మజ్జిగ మోశాను.

వెళ్ళే ముందు మేడమ్, "లేని అయిదు పేర్లూ జాబితాలోంచి కొట్టేయనా పెద్దమ్మా?" అని అడిగింది. వద్దన్నాను. ఆ వరసలో ఆ చోటు ఖాళీగా ఉంచమన్నాను.

ఈ ఏడు కల్లం మీద విజయ కాయ ఎర్రగా ఎండింది. ఒక రోజు మబ్బు పట్టినా పట్టాలు లేచిపోలేదు. కోతలు అయిన మర్నాడు నన్ను అదే లేపింది. నా మోకాళ్ళు ఇప్పుడు పొదల్లోకి పోనివ్వవు గనక నన్ను గట్టు మీద కూర్చోబెట్టబోయింది. ఒప్పుకోలేదు. నువ్వు పిలువు, నేను ముట్టుకుంటాను, ఎంత సేపైనా సరే అన్నాను. అది నాయనమ్మ చోట నిలబడి పిలిచింది. వరస తప్పలేదు. కుందేటి కొమ్ముల దగ్గరికి వచ్చేసరికి నేను రాళ్ళ మిట్ట మీద, పరికి పొద మొదట్లో చెయ్యి పెట్టి ఉన్నాను. వేళ్ళకి వేడి మట్టి తప్ప ఏమీ తగల్లేదు. విజయ పిలిచింది. నేను పలకలేదు. అది మళ్ళీ అడగలేదు, తొందరపడలేదు. ఒక్క ఊపిరి తీసేంత సేపు తల దించి ఆగింది. ఎవరు నేర్పారో దానికి, నేనైతే ఆ సంగతి చెప్పలేదు.

తర్వాత తల ఎత్తి, "తంగేడూ!" అని పిలిచింది.

నేను లేచి, నాలుగడుగులు వేసి, కొమ్మ పట్టుకుని, "ఉన్నా!" అన్నాను.